పదమూడో ఎక్కం

ఉప్పుగట్టు పటాల కేంద్రం. యంత్రం గది దినచర్య పుస్తకం, వెనక పేజీలు.
రాస్తున్నది వరాలు, మెదడు పటాలు తీసే ఉద్యోగి.

1. సోమవారం

బొమ్మ తల సరిగానే ఉంది. మచ్చ లేదు.

ముందు పేజీల్లో ఇంతవరకే రాశాను. అవి తనిఖీవాళ్ళు చూసే పేజీలు. మిగిలింది పుస్తకం తిరగేసి ఇక్కడ రాస్తున్నాను. ఎవరితోనైనా చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. రాయకపోతే మాత్రం ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు.

రోజూ ఏడున్నరకి, మొదటి మనిషి రాకముందే, బొమ్మ తలలో, అంటే గాజు తలకాయలో, ఉప్పునీళ్ళు నింపి బల్ల మీద పెట్టి యంత్రం గొట్టంలోకి తోస్తాను. మెదడు లేని తలలో యంత్రం మచ్చ చూపించకూడదు. చూపిస్తే జబ్బు యంత్రానిదన్నమాట. పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఇది. కళ్ళు మూసుకుని చేయగలను.

ఇవాళ తలకాయని లోపలికి తోసి, అద్దం ఇవతలి గదిలోకి వచ్చి మీట నొక్కాను. గొట్టంలో ఒక మైకు ఉంటుంది, లోపల పడుకున్నవాళ్ళు మాట్లాడితే ఇటు వినిపించడానికి. అందులోంచి మగ గొంతు వచ్చింది.

"పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది. పదమూడు ఏడ్లు... పదమూడు ఏడ్లు ఎంతక్కా?"

యంత్రం ఆపి లోపలికి పరిగెత్తాను. బల్ల మీద గాజు తలకాయ, దాంట్లో నీళ్ళు. తలకాయ కింద మనిషి ఉండాల్సిన చోట ఖాళీ పరుపు. గొట్టంలోకి టార్చి కొట్టి చూశాను. బల్ల కింద కూడా చూశాను, సిగ్గు లేకుండా.

బయట వరండా ఊడుస్తున్న అప్పన్న బాబాయ్‌ని అడిగాను, ఎవరైనా వచ్చారా అని. అప్పన్న బాబాయ్ మా కేంద్రానికి కాపలా, ఊడుపు, టీ అన్నీ ఆయనే. "ఎవులూ రాలేదే. తలుపు నానే కదా తీసినాను," అన్నాడు.

మైకు వైరు ఎక్కడో ఇంకో వైరుకి తగిలి ఉంటుంది. పక్క వీధిలో పిల్లలెవరో ఎక్కాలు చెప్పుకుంటూ ఉండి ఉంటారు. అలా అనుకుని ఇరవై ఇద్దరి పటాలు తీశాను. అందరికీ మచ్చ లేని చీటీలే.

2. మంగళవారం

మళ్ళీ అదే గొంతు. తలకాయ లోపలికి వెళ్ళగానే. ఈసారి మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చి, ఏడ్ల దగ్గర ఆగి, అడిగింది.

పిల్లలు కాదు. ఆ గొంతు నాకు తెలుసు. నిన్ననే తెలిసింది, నిన్న రాయడానికి ధైర్యం చాలలేదు. అది తవిటినాయుడి గొంతు. సముద్రపు గట్టుకున్న నీటి తలుపుల దగ్గర పనిచేసేవాడు, ముప్పయ్యేళ్ళవాడు. చనిపోయి మూడు నెలలైంది.

అతను మార్చిలో వచ్చాడు, ఏడాదికోసారి తీసే పటం కోసం. పటం చీటీ లేకపోతే గట్టు మీద పనికి రానివ్వరు. బండి నడపనివ్వరు. పెళ్ళిచూపులకి పిల్లాడి చీటీ, పిల్ల చీటీ ముందు చేతులు మారతాయి, కాఫీలు తర్వాత. చీటీ మీద మచ్చ పడితే, అంటే మతి జబ్బని తేలితే, డాక్టరమ్మ మందు రాస్తుంది, ఆర్నెల్లు పని మాన్పించి కూర్చోబెట్టి తిండి పెడతారు. చెడ్డ ఏర్పాటేమీ కాదు. కానీ మా ఊళ్ళో మచ్చ అంటే ముఖాన పేడ కొట్టినట్టే. ఊరి మొదట్లో 'మచ్చ లేని ఊరు, వరసగా ఆరో ఏడు' అని ఇత్తడి పలక కూడా వేశారు. ఆ పలక చూసినప్పుడల్లా కాస్త గర్వపడేదాన్ని. దాంట్లో నా చెయ్యి ఉంది మరి.

నా చెయ్యి ఏమిటంటే పదమూడో ఎక్కం. గొట్టంలో పడుకున్న మనిషి పద్దెనిమిది నిమిషాలు కదలకూడదు. యంత్రం రోలూ రోకలీ కలిసి దొర్లినట్టు చప్పుడు చేస్తుంది. భయపడి కదిలితే పటం అలుక్కుపోతుంది, మళ్ళీ తీయాలి. మూడోసారి తీయాల్సి వస్తే పైవాళ్ళకి రాయాలి. నా కంటే ముందు ఇక్కడ పనిచేసిన కోదండమ్మగారు నాకు కిటుకు చెప్పింది: ఎక్కం చెప్పించు, మనిషి కదలకుండా ఉండిపోతాడు. రెండో ఎక్కమైతే నోరు దాని దారిన అది చెప్పేస్తుంది, మనసు మళ్ళీ భయం దగ్గరికే పోతుంది. పదమూడోదైతే మనసు దాన్నే పట్టుకుని వేలాడాలి. ఇప్పుడు మా ఊళ్ళో పదమూడో ఎక్కం రానివాళ్ళు లేరు. చీటీకి రెండు రోజుల ముందు ముసలమ్మలు కూడా వీధరుగుల మీద కూర్చుని వల్లె వేస్తారు.

మనిషి గొట్టంలోకి వెళ్ళాక నాకు కనిపించేవి అరికాళ్ళే. ఈ ఊరి ముఖాలు మర్చిపోతానేమో గానీ పాదాలు మర్చిపోను. తవిటినాయుడివి ఉప్పుకి పగిలిన మడమలు. కుడి బొటనవేలికి గోరు లేదు. ఆ రెండు పాదాలూ ఆ రోజు గాలికి ఆకుల్లా ఒకటే వణుకు. రెండు పటాలు అలుక్కుపోయాయి.

"నా వల్ల కాదక్కా," అన్నాడు మైకులో. "లోపల ఏదో ఒకటే సెప్తా ఉన్నాది."

నాకు వినిపించింది. వినలేదని రాస్తే ఈ పేజీలు రాయడం దండగ. బయట పదిహేనుమంది బెంచీల మీద ఉన్నారు. "ఏటి సెప్తే ఏటిలే గానీ, నువ్వు ఎక్కం సెప్పుకో. బేగి," అన్నాను.

చెప్పాడు. ఏడ్ల దగ్గర ఆగిపోయి నన్ను అడిగాడు. తొంభై ఒకటి అన్నాను. అక్కడినుంచి ఆ పాదాలు కదలలేదు. మచ్చ లేని చీటీ చేతికిచ్చి పంపించాను. తొమ్మిదో రోజున మూడో నంబరు తలుపు అవతల నీళ్ళలో దొరికాడు. చీటీ మీద మచ్చ లేదు కాబట్టి కాలు జారిందని రాసుకున్నారు.

3. బుధవారం

గొంతు వచ్చింది. ఇవాళ తలకాయ పెట్టకముందే వచ్చింది.

మొదటి మనిషి రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. నాకు మతి చలించిందేమో చూసుకుందామనుకున్నాను. అదేమీ పెద్ద పని కాదు, యంత్రం నా చేతిలోదే. అప్పన్న బాబాయ్‌కి మీట నొక్కడం వచ్చు, నా ఏడాది పటాలన్నీ ఆయనే తీశాడు. బల్ల మీద పడుకున్నాను. గొట్టం అంచు కళ్ళ మీదికి రాగానే నోరు అలవాటుగా మొదలుపెట్టింది, పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. లోపలున్నంతసేపూ ఆ గొంతు రాలేదు. హాయిగా ఉంది, నిజం చెప్పాలంటే.

చీటీ వచ్చింది. మచ్చ లేదు.

అప్పుడు భయం వేసింది. ఇన్నాళ్ళ భయం వేరు, ఇది వేరు. నాకు జబ్బు ఉంటే ఆ గొంతు నా తలలోది. జబ్బు లేదని పటం చెబుతోంది. మనిషి అబద్ధం చెబుతాడు, పటం చెప్పదు. మా శిక్షణలో మొదటి పాఠమే అది. మరైతే ఆ గొంతు నిజంగానే గదిలో ఉంది.

అప్పన్న బాబాయ్‌కి చెప్పేశాను. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, తాపీగా బీడీ చెవి మీద పెట్టుకుని అన్నాడు, "మచ్చ నేదు కదా. అయితే దెయ్యమే. ఏటి కంగారు? మా సిన్నకోడలికి రెండేళ్ళ నుండి వాళ్ళమ్మ కనిపిస్తన్నాది. బొత్సోళ్ళింట్లో ఒకడు, తెలకలోళ్ళింట్లో ఇద్దరు. ఈ ఊర్లో దెయ్యం లేని కొంప ఎక్కడున్నాది?"

నిజమే. నా చిన్నప్పుడు దయ్యాలంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. పటాలు వచ్చాకే ఎక్కువయ్యాయి. ఇప్పుడు దయ్యాలు వదిలించేవాడు కూడా తన చీటీని అద్దం కట్టించి గుమ్మానికి వేలాడదీసుకుంటున్నాడు.

శని, మంగళవారాలు దిష్టి తీయించుకోమన్నాడు బాబాయ్. తీయించుకుంటానన్నాను. ఏం చేయను?

4. శుక్రవారం

నిన్న రాయలేదు. నిన్న గొంతు అద్దం ఇవతలికి వచ్చింది, నా కుర్చీ వెనక్కి. భోజనాల బల్ల దగ్గర కూడా ఉంది. కేరేజీ మూత తీయలేక అలాగే ఇంటికి పట్టుకెళ్ళాను.

ఇవాళ పట్టికలో నాలుగో పేరు పైడితల్లి. తవిటినాయుడి పెళ్ళాం. ఉప్పుమడుల్లో పనికి చీటీ కావాలి ఆమెకి. ఆయన నన్ను అక్కా అనేవాడు కాబట్టి ఈమెకి నేను వదినని. చెవులవీ, ముక్కుదీ తీసి డబ్బాలో వేయమంటే వేసింది. మెడలో తీయడానికి ఏమీ లేదు.

గొట్టంలోకి పంపే ముందు ఎక్కం గుర్తుందా అని అడిగాను, అందర్నీ అడిగినట్టే.

"ఉన్నాది వొదినా. ఆయనకి నేర్పినావు కదా, నాకు ఆయనే నేర్పినాడు," అంది. తర్వాత నా ముఖం చూడకుండా, డబ్బాలో ముక్కుపుడక వైపు చూస్తూ చెప్పింది. "నీకు సెప్పకూడదనుకున్నాను. ఆయన మచ్చ పడాలనే వొచ్చినాడు ఆ రోజు."

నాకు అర్థం కాలేదు. మచ్చ పడాలని ఎవరైనా వస్తారా అన్నాను.

"ఆయనొచ్చినాడు. ఎవులో గట్టు కాడికి రమ్మని పిలస్తన్నారని, రేత్రీ పగలూ అదే పిలుపని, నాతో ఒక్కదానితోనే సెప్పినాడు. ఈపాలి మచ్చ పడిపోద్ది, మందిస్తారు, కడుపునిండా నిద్దరోతాను అన్నాడు. చీటీ ఒట్టుకొచ్చి గుమ్మంలో కూకుండిపోనాడు. యంత్రం ఏటీ నేదన్నాదే, అయితే నిజంగానే ఎవులో పిలస్తన్నారు గావాల, ఎల్లకపోతే ఎలగ అన్నాడు."

ఆమె తనంతట తానే బల్ల మీద పడుకుంది.

"ఇప్పుడు బానే ఉన్నాడులే," అంది పడుకుని. "సాయంత్రమేల గుమ్మంలో కూకుంటన్నాడు. పెరుగన్నం పెడతన్నాను."

ఏ పనీ తోచక మీట నొక్కాను. పైడితల్లి పాదాలు పద్దెనిమిది నిమిషాలూ ఒక్క వేలు కదలలేదు. మచ్చ లేని చీటీ ఇచ్చాను. ఇచ్చాను, అంతే. ఇవ్వకుండా ఉండాల్సిందని ఇప్పుడు రాయడం తేలిక.

5. శనివారం

చేతిరాత బాగా లేదు. క్షమించాలి, ఎవరు చదువుతారో వాళ్ళు.

మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనానికి లేచాను. "గట్టు కాడికి రా అక్కా, ఏడ్లు ఎంతో సెప్పెళ్ళిపో," అంది వెనకనుంచి తవిటినాయుడి గొంతు. కేరేజీ తీసుకోవడానికి చెయ్యి చాపాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది అప్పన్న బాబాయ్ కేక.

"వరాలూ, జోళ్ళెందుకు ఇప్పీసినావు?"

నేను మూడో నంబరు తలుపు మీద నిలబడి ఉన్నాను. ఎండకి ఇనుము కాలుతోంది, అరికాళ్ళు బొబ్బలెక్కాయి, అప్పటిదాకా తెలియలేదు. చెప్పులు గట్టు మెట్టు మీద పక్కపక్కన, గుడి ముందు విడిచినట్టు పొందిగ్గా పెట్టి ఉన్నాయి. నేనే పెట్టి ఉంటాను. కింద నీళ్ళు తలుపుని కొడుతున్నాయి. గట్టు అవతల సముద్రం మన ఇళ్ళ కప్పులకంటే ఎత్తులో ఉంటుందని చిన్నప్పుడు బళ్ళో చెబితే నవ్వేవాళ్ళం.

బాబాయ్ కేరేజీ పట్టుకుని వెనకే వచ్చాడట. తిండి మర్చిపోయి వెళ్తున్నానని. ఆ కేరేజీ లేకపోతే ఆయన వచ్చి ఉండేవాడు కాదు, నేను ఇది రాస్తూ ఉండేదాన్ని కాదు.

ఆయన నా జబ్బ పట్టుకుని దింపాడు. మెట్టు మీద కూర్చోబెట్టి నాతో చారన్నం తినిపించాడు. తింటుంటే ఏడుపు వచ్చింది. తవిటినాయుడు కూడా ఇలాగే చెప్పులు విడిచి ఉంటాడు. ఇప్పుడు నాకు భయం దయ్యం మీద కాదు. నా కాళ్ళ మీద.

6. ఆదివారం, సెలవు

ఇంట్లో ఒంటరిగా ఉండలేక కేంద్రానికి వచ్చాను. బాబాయ్ వరండాలోనే కూర్చున్నాడు. బయట గొళ్ళెం పెట్టమని నేనే చెప్పాను.

బుధవారం పటం గురించి ఆలోచించాను. గొట్టంలో ఉన్నంతసేపూ గొంతు రాలేదు. ఎందుకు రాలేదు? నేను ఎక్కం చెప్పుకుంటున్నాను. ఎక్కం ఆపితే వచ్చేదా? దయ్యమైతే దానికి నా ఎక్కంతో ఏం పని?

అద్దం పక్క గోడకి సముద్రపు ఆటుపోట్ల కేలండరు వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీశాను. దాని వెనక యంత్రంతోపాటు వచ్చిన సూచనల రేకు ఉంది. నేనే పదేళ్ళ కిందట దాని మేకుకి కేలండరు తగిలించాను. మొదటి ఏడాది చదివిందే. అయినా కొత్తగా చదివినట్టుంది.

'పటం తీసేటప్పుడు మనసును దాని దారిన వదిలేయమని చెప్పాలి. ఊరికే ఉన్న మనసు ఎటు పోతుందో యంత్రం చూస్తుంది. లెక్క, జపం, పాట వంటివి చేయించరాదు. చేయిస్తే పటం నమ్మదగినది కాదు.'

నమ్మదగినది కాదు. పదకొండేళ్ళుగా నేను తీసినవి మనుషుల మెదళ్ళ పటాలు కావు. పదమూడో ఎక్కం పటాలు. వేలమందివి, అన్నీ ఒక్కలాగే, శుభ్రంగా. నాకంటే ముందు కోదండమ్మగారివీ అంతే. కంచే చేను మేసిందంటే ఇదే.

పాత పట్టికలు కిందికి దించాను. బాబాయ్‌ని పిలిచి, ఊళ్ళో దయ్యం ఉన్న ఇళ్ళు చెప్పమన్నాను. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. నేను పట్టికలో పేరు వెతికి చీటీ చూశాను. మచ్చ లేదు. మచ్చ లేదు. మచ్చ లేదు. ఆయన చిన్నకోడలికి రెండేళ్ళూ మచ్చ లేదు. నలభై మూడు ఇళ్ళయ్యాయి. ఆయన ఇంకా వేళ్ళు మడుస్తూనే ఉన్నాడు, కానీ గొంతు మారింది.

"అయితే అవి దెయ్యాలు కావేటే?" అన్నాడు.

"కావు బాబాయ్."

"మరి మా కోడలికి మందుండేదా?"

ఆయన లేచి వెళ్ళి వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

రేపు ఎక్కం లేకుండా గొట్టంలోకి వెళ్ళాలి. మచ్చ పడితే ఉద్యోగం పోతుంది, పలక ఊడుతుంది, నలభై మూడు ఇళ్ళవాళ్ళు నా గుమ్మం మీదికి వస్తారు. మచ్చ పడకపోతే... దాని గురించి రాయలేను. తాడని తెలిసీ పామేమోనని వణుకుతున్నాను. ఒకవేళ నిజంగా పామే అయితే?

7. సోమవారం

బొమ్మ తల సరిగా ఉంది. యంత్రం బాగుంది. ఇది ముందు పేజీల్లో కూడా రాశాను, ఎవరూ యంత్రాన్ని తప్పు పట్టకుండా.

బాబాయ్ మీట నొక్కి లోపలికి వచ్చి నా బొటనవేలు పట్టుకున్నాడు. "నానిక్కడే ఉన్నాను," అన్నాడు. కోపం పోయిందో లేదో తెలియదు. పట్టుకోవడమైతే పట్టుకున్నాడు.

గొట్టం అంచు కళ్ళ మీదికి వచ్చింది. నోరు 'పద' అంది. పెదవి కొరికాను. నెత్తురు రుచి తగిలింది.

ఊరికే ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు. పదకొండేళ్ళుగా అందర్నీ దీంట్లోకి తోసిన నేను ఇవాళే ఎక్కం లేకుండా లోపల పడుకున్నాను. మొదట కుండలు గుద్దుకున్నట్టు చప్పుడు. తర్వాత ఆ చప్పుడు కింద అతను. దూరంనుంచి మొదలుపెట్టాడు, ఒకట్ల దగ్గరనుంచి. రెళ్ళు. మూళ్ళు. ఒక్కో మాటకీ ఒక్కో అడుగు దగ్గరికి వస్తున్నాడు. నాలుగులప్పుడు నడుము దగ్గర ఉన్నాడు. ఆర్లకి చెవి పక్కన ఉన్నాడు. ఉప్పు వాసన కూడా వేసింది.

"పదమూడు ఏడ్లు ఎంతక్కా?"

తొంభై ఒకటి అంటే చాలు. అంటే ఆగిపోతాడు, నాకు తెలుసు. ఎనిమిదులు నేనే అందుకుంటాను, పాదాలు నిలిచిపోతాయి, శుభ్రమైన చీటీ వస్తుంది. మాట నాలుక చివర ఉంది. అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ. ఏడుస్తూ అడిగాడు. నేనూ ఏడ్చాను. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోకూడదు, కదిలితే పటం పోతుంది. బాబాయ్ వేలు వదల్లేదు.

మచ్చ పడింది. రెండు. ఎడమ చెవికి పైన చింతగింజంత ఒకటి, దాని పక్కన ఆవగింజంత ఇంకొకటి.

చీటీ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఇంత హాయిగా ఏడ్చి ఎన్నాళ్ళయిందో. గదిలో ఎవరూ లేరు. తవిటినాయుడు నన్నేమీ అడగడం లేదు, గట్టు దగ్గరికి పిలవడం లేదు. అతను పోయాడు. అడిగేదీ నేనే, పిలిచేదీ నేనే. కాస్సేపటికి ఆ హాయి కూడా పోయింది, ఎందుకంటే అతను ఇక ఎప్పటికీ అడగడు.

చీటీ తీసుకుని మేడ మీద డాక్టర్ ముక్తేశ్వరిగారి దగ్గరికి వెళ్ళాను. రెండేళ్ళ కిందట వచ్చిందావిడ, చిన్నపిల్ల. పటాలు పైకి వెళ్తాయి, మందులు కిందికి వస్తాయి. ఆవిడ ఊరివాళ్ళతో మాట్లాడటం నేను చూడలేదు. అందుకే ఊరంతటికీ తెలిసిన ఎక్కం ఆవిడకి తెలియదు.

"బుధవారం మీకు మచ్చ లేదు. ఇవాళ రెండున్నాయి. ఐదు రోజుల్లో ఇలా రాదండీ. యంత్రం చెడిందా?"

"యంత్రం బాగుందమ్మా. చెడగొట్టింది నేను."

అంతా చెప్పాను. తవిటినాయుడి పాదాల దగ్గరనుంచి నా చెప్పుల దాకా. దయ్యాల ఇళ్ళ పట్టిక బల్ల మీద పెట్టాను. ఆవిడ పేర్లన్నీ చదివింది. కొన్నిటి దగ్గర వేలు ఆగింది. కిటికీలోంచి గట్టు వైపు చూసి, నా వైపు కుర్చీ తిప్పుకుంది.

"ఆ గొంతు... మీతో ఏమంటుంది?"

పేషెంటుని ఆవిడ ప్రశ్న అడగడం అదే మొదటిసారి కావచ్చు. కలం తీసింది, ఏం రాయాలో తెలియక పక్కన పెట్టింది. నేను చెప్పేదంతా వింది.

"మాకు అడగడం నేర్పలేదండీ," అంది చివరికి. "పటం ఉందిగా అన్నారు."

మందు రాసింది. పైవాళ్ళకి తనే రాస్తానంది. "మీ ఉద్యోగం నేను నిలబెట్టలేను," అంది కూడా. నిలబెట్టమని అడగలేదు. కొత్త మనిషి వచ్చేదాకా నన్ను పాదాల దగ్గర నిలబడనిమ్మని మాత్రం అడిగాను.

8. తర్వాతి సోమవారం

మందు పడుతోంది. గొంతు ఉంది, కానీ గోడ అవతలికి వెళ్ళింది. సాయంత్రాలు బాబాయ్ నన్ను ఇంటిదాకా దిగబెట్టి బయటినుంచి గొళ్ళెం పెడుతున్నాడు. పొద్దున్న తీస్తున్నాడు. మొన్న పలక ఊడదీశారు. నిన్న నా గుమ్మం ముందు ఎవరో చెప్పులదండ పడేసి వెళ్ళారు. భయం పోలేదు. దాన్ని పక్కన పెట్టుకునే పని చేస్తున్నాను.

డ్రమ్ములూ చీపుళ్ళూ పెట్టుకునే గదిని ఖాళీ చేశాం. పాతకాలంలో దాన్ని అడిగే గది అనేవారట, డాక్టర్లు మనుషుల్ని అడిగే రోజుల్లో. రెండు కుర్చీలు వేశాం.

దయ్యాల పట్టికలో మొదటి పేరు పైడితల్లిది పెట్టాను. ఆమె ఇవాళ వచ్చింది. నాతో మాట్లాడలేదు. ముక్కుపుడక తీసి డబ్బాలో వేసి పడుకుంది. ఎక్కం చెప్పొద్దని నేనూ చెప్పాను, డాక్టరమ్మా చెప్పింది. తల ఊపింది. బాబాయ్ మీట నొక్కాడు.

పాదాలు చూస్తూ నిలబడ్డాను. పసుపు మానేసి మూడు నెలలైన పాదాలు. ఒక్క వేలు కదలడం లేదు. పదకొండేళ్ళు నేను కోరుకున్నది ఇదే, కదలని పాదాలు.

"ఆపు బాబాయ్," అన్నాను.

యంత్రం ఆగింది. బల్లని నేనే వెనక్కి లాగాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. పదమూడు ఎనిమిదులు నూట నాలుగు. పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు.

రెండు పాదాలూ నా చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"ఎక్కం ఒగ్గీ పైడితల్లీ. లోపల ఏటి వినిపిస్తంది నీకు? నాకు సెప్పు."

కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆమె మొగుడికి నేను పడ్డ బాకీ ఆ చూపులో ఉంది, తలదించుకోకుండా నిలబడ్డాను.

"ఈ మాట ఆయన్ని అడగాల్సింది వొదినా," అంది.

"అవును," అన్నాను.

అప్పుడు నా చేతుల్లో ఆ పాదాలు వణకడం మొదలుపెట్టాయి. నేను వదలలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.